పల్స్‌ని చూడాలంటే ఏది కొనాలి: మీటరా, లాజిక్ ప్రోబా, అనలైజరా, స్కోపా?

మా షాపుకి వచ్చే ఐటీఐ, డిప్లొమా పిల్లల్లో వారానికి ఒకరైనా ఇదే అడుగుతారు. "అన్నా, మీటరుంది, ఇంక స్కోపు కొనేయనా, లేక ఆన్‌లైన్‌లో వచ్చే ఆ చిన్న లాజిక్ అనలైజర్ సరిపోతుందా?" మీటరంటే ఇక్కడ మల్టీమీటరు, స్కోపంటే ఆసిలోస్కోపు, వోల్టేజి ఎలా మారుతోందో తెర మీద గీతగా చూపించేది. పల్స్ అంటే వోల్టేజి ఒకసారి పైకి లేచి దిగడం. నేను తిరిగి ఒకటే అడుగుతాను, పల్స్ గురించి నీకు తెలియాల్సింది ఏమిటని. వస్తోందా లేదా అన్నదా, ఎన్ని వస్తున్నాయన్నదా, ఎంతసేపు నిలుస్తోందన్నదా, లేక దాని ఆకారం ఎలా ఉందన్నదా? ఇవి నాలుగు వేరు వేరు ప్రశ్నలు. ఒక్కోదానికి ఒక్కో పరికరం బాగా జవాబిస్తుంది. ధరలు చూస్తే కొన్ని వందల దగ్గర మొదలై పదుల వేల దాకా పోతాయి, ఖరీదైనది కొంటే అన్నీ అదే చెప్పేస్తుందనుకుంటే మాత్రం డబ్బులూ పోతాయి, పనీ అవ్వదు.

మాది పర్లాకిమిడి. పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్ర, మా ఊరు ఒడిశా, కానీ రిపేరు సామాను చేత పట్టుకుని అటూ ఇటూ తిరగడం ఇక్కడ అందరికీ రోజువారీ పనే. కిందటి వేసవిలో అక్కడి నుంచి ఒక పెద్దాయన వచ్చారు, మంచినీళ్ల ప్లాంటు నడుపుతారు. క్యాన్ పెట్టి బటన్ నొక్కితే 20 లీటర్లు పడి దానంతటదే ఆగాలి, ఆయనది మెడ దాకా రాకముందే ఆగిపోతోంది. "బాబూ, క్యాన్‌కి అర లీటరు తక్కువ పడుతోంది, జనం మొహం మీదే అడుగుతున్నారు, నీళ్లల్లో కూడా మోసమా అని. రాత్రి నిద్ర పట్టట్లేదు" అన్నారు. "వచ్చి చూస్తాను బాబాయ్, టెన్షన్ పడకండి" అని సంచిలో నా దగ్గరున్నవన్నీ వేసుకుని వెళ్లాను. ఆ ఒక్క ఫాల్టు మీద నాలుగు పరికరాలూ ఏమేం చెప్పాయో రాస్తాను, తేడా మీకే తెలుస్తుంది.

ముందు ఆ మెషిన్ ఎలా పనిచేస్తుందో చూడండి. పైపు మధ్యలో ప్లాస్టిక్ ఫ్లో సెన్సర్ ఉంటుంది, దాని లోపల అయస్కాంతం ఉన్న చిన్న చక్రం, పక్కన అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్. నీళ్లు పోతే చక్రం తిరుగుతుంది, అయస్కాంతం ఎదురైనప్పుడల్లా ఒక పల్స్ వస్తుంది. మామూలుగా దొరికే వైఎఫ్-ఎస్201 రకానికి లీటరుకి సుమారు 450 పల్సులు, అంటే 20 లీటర్లకి 9000. బోర్డులోని మైక్రోకంట్రోలర్ (మెషిన్‌ని నడిపే చిప్పు) 9000 లెక్కపెట్టి వాల్వు మూసేస్తుంది. అర లీటరు తక్కువ పడుతోందంటే చక్రం నిజంగా ఇచ్చింది 8775, బోర్డు లెక్కపెట్టింది 9000. ఆ 225 ఎక్కడి నుంచో పుట్టుకొస్తున్నాయి. సెన్సరే తేడాగా ఉండొచ్చు కదా అంటారేమో, కానీ నెల క్రితం వరకు లెక్క సరిగ్గానే ఉండేదట, తడి తగలకుండా బోర్డుని గోడకి అవతలి పక్కకి మార్చినప్పటి నుంచే ఈ గొడవట. సంచి తెరవకముందే సగం దారి చూపించిన మాట అది.

మీటరుతో మొదలుపెట్టాను. సెన్సర్ వైరు మీద డీసీ వోల్టుల్లో 2.5 చూపించింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే తడబడతారు, 5 రావాల్సిన చోట సగమే వస్తోంది, సెన్సర్ పోయిందంటారు. పోలేదు. పల్స్ అంటే వోల్టేజి కింది మట్టంలో ఉండి, పైకి లేచి, కాసేపు నిలబడి, మళ్లీ దిగడం. మీటరు ఆ లేవడం దిగడం చూడలేదు, దాని అంకె సెకనుకి రెండు మూడు సార్లే మారుతుంది కాబట్టి మొత్తం మీద సగటు తీసి చూపిస్తుంది. సగం సేపు 5, సగం సేపు 0 అయితే సగటు 2.5, పైన ఉండే సమయం అయిదో వంతే అయితే 1 వోల్టు. ఈ 'మొత్తం సమయంలో పైన ఉన్న వాటా'నే డ్యూటీ సైకిల్ అంటారు. అంటే 5 వోల్టుల పల్స్ అని ముందే తెలిస్తే, మీటరు చూపించే డీసీ అంకెని 5తో భాగిస్తే డ్యూటీ వచ్చేస్తుంది, మీటరులో ఆ బటన్ లేకపోయినా సరే. ఏసీ రేంజిలో మాత్రం పల్స్ చూడకండి. చవక మీటర్లు సైన్ వేవ్ అనుకుని లెక్క కట్టి చూపిస్తాయి, పల్స్ మీద ఆ అంకెకి అర్థం లేదు.

తర్వాత హెర్ట్జ్ బటన్ నొక్కాను. 112, 113, 115, మళ్లీ 112. నిమిషానికి 15 లీటర్లు పోతుంటే 112.5 హెర్ట్జ్ రావాలి కాబట్టి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ మన తప్పు నలభైకి ఒకటి, నూట పన్నెండులో అది మూడు కూడా కాదు, నీళ్ల ఒత్తిడి కాస్త మారినా అంతే ఊగుతుంది. తప్పు ఆ ఊగులాటలోనే దాక్కుంది. అలాగని మీటరు పనికిరాదని కాదు. సప్లై వోల్టేజి సరిగ్గా ఉందా, గ్రౌండ్ తెగిందా, సగటు ఎంత అన్నవి ముందుగా దానితోనే తేల్చుకోవాలి, నా దగ్గరికొచ్చే ఫాల్టుల్లో ఎక్కువ భాగం అక్కడే అయిపోతాయి. కొనేటప్పుడు హెర్ట్జ్, డ్యూటీ శాతం రెండూ చూపించేది తీసుకోండి, మామూలు దానికంటే కొంచెమే ఎక్కువ పడుతుంది.

లాజిక్ ప్రోబ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. పెన్ను లాంటిది, రెండు క్లిప్పులు బోర్డు సప్లైకి పెట్టి మొన ఆనిస్తే పైన ఉంటే ఒక లైటు, కింద ఉంటే ఇంకొకటి, మారుతుంటే మూడోది మెరుస్తుంది. దీని గొప్పతనం ఏమిటంటే కంటికి అందనంత సన్నటి పల్స్‌ని కూడా పట్టుకుని, లోపల సాగదీసి, మనకి కనపడేంతసేపు లైటు వెలిగిస్తుంది. మెమరీ స్విచ్ ఉంటే ఒక్కసారి వచ్చిపోయిన పల్స్‌ని కూడా గుర్తుపెట్టుకుంటుంది. రీసెట్ వస్తోందా, రిమోట్ నొక్కితే రిసీవర్ కాలు మీద కదలిక ఉందా అన్న ప్రశ్నలకి ఇంతకంటే వేగంగా జవాబిచ్చే పరికరం లేదు. ప్లాంటు దగ్గర కూడా పెట్టి చూశాను, మూడో లైటు మెరిసింది, అంటే పల్సులు వస్తున్నాయి. ఎన్ని అన్నది మాత్రం అది చెప్పదు.

ఇంకా చవకది కావాలంటే 1 కిలోఓమ్ రెసిస్టరు, ఒక ఎల్‌ఈడీ. నెమ్మది పల్సులకి కన్నే చాలు. మీ ఇంటి కరెంటు మీటరు మీద మినుక్కుమనే ఎర్ర లైటు చూడండి, పక్కన యూనిట్‌కి 3200 ఇంపల్సులు అని రాసి ఉంటే, 1000 వాట్ల వాటర్ హీటర్ రాడ్ ఒక్కటే నడుస్తున్నప్పుడు అది 1.125 సెకన్లకి ఒకసారి మెరవాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి పది మెరుపులు లెక్కపెడితే 11 సెకన్ల పైన కొంచెం. మిగతా అన్ని స్విచ్చులూ కట్టేసి చేయాలి, లేకపోతే ఫ్రిజ్ మధ్యలో లేచి లెక్క పాడుచేస్తుంది.

ఇక లాజిక్ అనలైజర్. అగ్గిపెట్టంత ఉంటుంది, 8 వైర్లు, లాప్‌టాప్‌కి యూఎస్‌బీ. చవక రకాలు సెకనుకి 2.4 కోట్ల సార్లు, అంటే 41.7 నానోసెకన్లకి ఒకసారి ప్రతి వైరునీ చూసి పైన ఉందా కింద ఉందా రాసుకుంటాయి. పల్స్‌వ్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తుంది. ప్లాంటులో ఒక క్యాన్ నింపుతూ మొత్తం 80 సెకన్లు రికార్డు చేశాను, దీనికి అంత వేగం కూడా అక్కర్లేదు, సెకనుకి 40 లక్షలకి తగ్గించుకున్నాను. దూరం నుంచి చూస్తే అన్నీ చక్కగా దువ్వెన పళ్లలా ఉన్నాయి. దగ్గరికి జూమ్ చేస్తూ పోతే, కొన్ని పల్సులు లేచే చోట, అసలు పల్స్‌కి ముందు, ఒకటి రెండు మైక్రోసెకన్ల వెడల్పున వెంట్రుక లాంటి ఇంకో పల్స్ కనిపించింది. అసలు పల్స్ వెడల్పు సుమారు 4.4 మిల్లీసెకన్లు, దాని పక్కన ఇది రెండు వేల వంతు కంటే సన్నం. మైక్రోకంట్రోలర్‌కి ఆ తేడా తెలియదు, వోల్టేజి లేచిందంటే ఒకటి కలుపుతుంది. బాబాయ్‌కి స్క్రీన్ మీద ఆ వెంట్రుకని చూపించాను, "ఇదా నన్ను దొంగని చేసింది" అని చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

'ఎన్ని', 'ఎంతసేపు', 'ఏది ముందు ఏది తర్వాత' అన్న ప్రశ్నలకి ఇంత తక్కువ డబ్బుతో ఇంత బాగా చెప్పేది ఇంకోటి లేదని నా గట్టి అభిప్రాయం. సర్వో మోటారుకి 20 మిల్లీసెకన్లకి ఒకసారి 1 నుంచి 2 మిల్లీసెకన్ల పల్స్ వెళ్తోందా, అల్ట్రాసోనిక్ సెన్సర్ ఎకో వెడల్పు సెంటీమీటరుకి 58 మైక్రోసెకన్ల లెక్కన ఉందా, ఆర్డ్వినో (ప్రాజెక్టుల్లో వాడే చిన్న కంట్రోలర్ బోర్డు) పీడబ్ల్యూఎం, అంటే డ్యూటీ మారుస్తూ పంపే పల్సులు, 490 హెర్ట్జ్‌లోనే ఉందా, అన్నీ నిమిషంలో తేలిపోతాయి. ఎక్కువసేపు రికార్డు చేసి తర్వాత తీరిగ్గా వెతుక్కోవచ్చు, ఆ సుఖం చిన్న స్కోపుల్లో ఉండదు.

కానీ దీనికి ఒక గుడ్డితనం ఉంది. దానికి తెలిసింది రెండే, పైన, కింద. 5 వోల్టుల పల్స్ 3 వోల్టుల దాకే లేచినా దానికి 'పైన', 5 దాకా లేచినా 'పైన'. ఇంకో జాగ్రత్త, 5 వోల్టులు దాటితే ఈ చవక రకాల ఇన్‌పుట్ చచ్చిపోతుంది. ఆటో, బైకు 12 వోల్టుల సిగ్నల్ మీద పెట్టాలంటే 10 కిలోఓమ్, 4.7 కిలోఓమ్ రెసిస్టర్లతో వోల్టేజిని తగ్గించే డివైడర్ వేసుకోండి. ఛార్జింగ్‌లో 14.4 వోల్టులు వచ్చినా ఇన్‌పుట్‌కి చేరేది సుమారు 4.6 వోల్టులే.

వెంట్రుక ఉందని అనలైజర్ చెప్పింది. ఎందుకుందో చెప్పింది స్కోపు. దానిలో కనిపించింది ఏమిటంటే, పల్స్ నిటారుగా లేవట్లేదు, ఏటవాలుగా ఎక్కుతోంది, ఆ ఏటవాలు మీద సన్నటి అలలు ఉన్నాయి. పల్స్ పదో వంతు ఎత్తు నుంచి తొంభై శాతం ఎత్తుకి చేరే సమయాన్ని రైజ్ టైమ్ అంటారు. అది పది మైక్రోసెకన్ల పైనే ఉంది. గేటు దగ్గర నిలబడి లోపలికి బయటికి అడుగులు వేసే మనిషిలా, సిగ్నల్ హద్దు వోల్టేజి (దాటితే 'పైన' అని లెక్కించే మట్టం) దగ్గర నెమ్మదిగా పోతూ, అల వల్ల ఒకసారి దాటి, వెనక్కి పడి, మళ్లీ దాటుతోంది. ఒక పల్స్ రెండైంది. కారణం బోర్డు మార్చినప్పుడు వేసిన పొడుగు వైరు, దాన్ని పంపు మోటారు వైరుతో కలిపి టై వేసి కట్టేశారు, పైగా పుల్-అప్ (సిగ్నల్ వైరుని 5 వోల్టుల వైపు లాగే రెసిస్టరు) ఏకంగా 10 కిలోఓమ్‌లు, అందుకే నెమ్మదిగా లాగుతోంది. వైరు విడదీసి వేరే దారిలో లాగి, పుల్-అప్ 2.2 కిలోఓమ్ చేసి, బోర్డు దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు, దాని తర్వాత 74హెచ్‌సీ14 వేశాను. అది ష్మిట్ ట్రిగ్గర్, పైకెళ్లేటప్పుడు ఒక హద్దు, కిందికొచ్చేటప్పుడు వేరే హద్దు, అందుకని చిన్న అలలకి మోసపోదు. అది సిగ్నల్‌ని తిరగేస్తుంది, లెక్కకి ఇబ్బంది లేదు. కెపాసిటరు వల్ల పల్స్ ఇంకా నెమ్మదిస్తుంది కదా అంటే, 2.2 కిలోఓమ్‌తో కలిపి 0.22 మిల్లీసెకన్లు, 4.4 మిల్లీసెకన్ల పల్స్‌కి అది లెక్క కాదు. అదే కెపాసిటరు వేగమైన సిగ్నల్ మీద వేస్తే పల్స్‌నే మింగేస్తుంది, ఇక్కడ పనిచేసిందని అన్ని చోట్లా వేయకండి.

స్కోపు కొనేవాళ్లు బ్యాండ్‌విడ్త్ (ఎంత వేగమైన సిగ్నల్ దాకా చూపించగలదన్నది) అంకె చూసి మురిసిపోతారు గానీ దాన్ని పల్స్ భాషలోకి మార్చుకోవడం తెలియాలి. 0.35ని బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే ఆ స్కోపు తనంతట తాను చూపించగల అతి వేగమైన రైజ్ టైమ్ వస్తుంది. 100 మెగాహెర్ట్జ్‌కి 3.5 నానోసెకన్లు, 50కి 7. పిల్లలు కిట్‌గా కొనే డీఎస్‌ఓ138 బ్యాండ్‌విడ్త్ 200 కిలోహెర్ట్జ్, అంటే 1.75 మైక్రోసెకన్లు, శాంపిళ్లు (వోల్టేజిని కొలిచి రాసుకోవడాలు) సెకనుకి 10 లక్షలు, మైక్రోసెకనుకి ఒకటి. మన వెంట్రుక పల్స్ వెడల్పే ఒకటి రెండు మైక్రోసెకన్లు, ఆ కిట్‌లో అది చిన్న బొడిపెలా కనిపించినా అదృష్టమే. సోల్డరింగ్ నేర్చుకోవడానికి, ఆడియో చూడటానికి ఆ కిట్ మంచిదే, నేను కాదనను. ఇలాంటి ఫాల్టు కోసం కొనకండి.

బ్యాండ్‌విడ్త్ తర్వాత చూడాల్సింది మెమరీ, దీన్ని ఎవరూ అడగరు. 10 వేల పాయింట్ల మెమరీ ఉన్న స్కోపులో స్క్రీన్ మొత్తం 1 సెకను పెడితే పాయింటుకి పాయింటుకి మధ్య 100 మైక్రోసెకన్లు, ఆ సందులో 10 మైక్రోసెకన్ల పల్స్ వచ్చి వెళ్లిపోయినా తెలియకపోవచ్చు. పల్స్ వెడల్పు మీద ట్రిగ్గర్ (ఏది వస్తే పట్టుకోవాలో ముందే చెప్పిపెట్టే ఏర్పాటు) ఉందా అన్నది కూడా చూడండి, '5 మైక్రోసెకన్ల కంటే సన్నగా ఉన్నదే పట్టుకో' అని చెప్పి వదిలేస్తే స్కోపే కాపలా కాస్తుంది. ఛానళ్లు రెండు ఉండాలి, ఇది బేరమాడే విషయం కాదు. లోపలికి వెళ్లేదీ బయటికి వచ్చేదీ పక్కపక్కన పెట్టి చూడకపోతే సగం ఫాల్టులు దొరకవు. లాప్‌టాప్ మైక్ జాక్‌ని స్కోపుగా వాడే యాప్‌ల గురించి కూడా అడుగుతుంటారు, వద్దు, అది డీసీ మట్టాన్ని వడగట్టేస్తుంది, తిన్నగా ఉండే పల్స్ తల కుంగిపోయినట్టు కనిపిస్తుంది, పొరపాటున ఎక్కువ వోల్టేజి తగిలితే లాప్‌టాప్‌కే ముప్పు.

ఇప్పుడు రాసేది దయచేసి తొందరగా దాటేయకండి. పని నేర్చుకున్న కొత్తలో ఒక ఇండక్షన్ స్టవ్‌లో ఐజీబీటీ (స్టవ్ కాయిల్‌ని నడిపే పెద్ద ట్రాన్సిస్టరు) గేటు పల్స్ చూద్దామని స్కోపు గ్రౌండ్ క్లిప్పుని బోర్డు నెగెటివ్‌కి పెట్టాను. ఢామ్మంది. ఏసీని డీసీ చేసే డయోడ్ల బ్రిడ్జి పోయింది, ఫ్యూజు పోయింది, క్లిప్పు కొన నల్లగా కరిగిపోయింది. ప్లగ్గుతో నడిచే స్కోపులో ఆ క్లిప్పు లోపల నేరుగా ఎర్త్‌కి కలిసి ఉంటుంది, స్టవ్‌లో, టీవీ పవర్ సప్లై ప్రైమరీలో (మెయిన్స్ వైపు భాగంలో) ఉండే నెగెటివ్ ఎర్త్ కాదు, అది బ్రిడ్జి ద్వారా 230 వోల్టుల మెయిన్స్‌కి కలిసినది, శిఖరం దగ్గర అది 325 వోల్టులు. రెండూ కలిపితే షార్ట్. ఇంకా భయపడాల్సింది మరొకటి ఉంది. మన వైపు చాలా పాత షాపుల్లో, ఇళ్లల్లో సాకెట్టుకి మూడు రంధ్రాలు ఉంటాయి గానీ మూడోదానికి వైరే ఉండదు. అప్పుడు ఢామ్మనదు, ఫ్యూజు పోదు, స్కోపు మీద బయటికి కనిపించే లోహమంతా లైవ్ అయి కూర్చుంటుంది, మీరు నాబ్ తిప్పడానికి చెయ్యి చాపుతారు. కావాలని ఎర్త్ పిన్ విరగ్గొట్టి 'ఐసోలేషన్' అనేవాళ్లు కూడా చేసేది ఇదే. యూఎస్‌బీ లాజిక్ అనలైజర్‌ని ప్రైమరీ వైపు అసలు పెట్టకూడదు, లాప్‌టాప్‌తో పాటు దాన్ని పట్టుకున్న మీరూ మెయిన్స్‌కి కలిసిపోతారు.

కాబట్టి స్టవ్‌లు, ఇన్వర్టర్లు, టీవీ పవర్ బోర్డులు మీ రోజువారీ పని అయితే ఎంపిక మారిపోతుంది. రిపేరు చేసే వస్తువుని, స్కోపుని కాదు, ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (మెయిన్స్‌కి నేరుగా కలపకుండా కరెంటు ఇచ్చేది) మీద నడపండి, లేదా డిఫరెన్షియల్ ప్రోబ్ (క్లిప్పుని ఎర్త్‌కి కలపకుండా రెండు చోట్ల మధ్య వోల్టేజి చూసేది) కొనండి, లేదా ఇన్‌పుట్ సాకెట్లకి కూడా ఇన్సులేషన్ ఉండి, ఎంత వోల్టేజి దాకా, ఏ క్యాట్ కేటగిరీలో (మెయిన్స్ దగ్గర ఎక్కడి దాకా వాడొచ్చో చెప్పే భద్రతా తరగతి) అన్నది పరికరం మీదే రాసి ఉన్న బ్యాటరీ స్కోపు తీసుకోండి. కాశీనగర్ వైపు పొలాల్లో సోలార్ పంపు కంట్రోలర్లు చూడటానికి వెళ్లేవాళ్లకి కూడా ఇదే మాట, అక్కడ ప్యానళ్ల నుంచి వందల వోల్టుల డీసీ వస్తుంది, అది పట్టుకుంటే వదలదు. ఆటబొమ్మ స్కోపుతో దాని జోలికి వెళ్లకండి.

ఎవరికి ఏది అంటే నా మాట ఇది. చదువుకుంటూ ఆర్డ్వినో, సెన్సర్లతో ప్రాజెక్టులు చేసే పిల్లలు మంచి మీటరు, 8 ఛానళ్ల అనలైజర్ కొనుక్కోండి, స్కోపు మీ కాలేజీ ల్యాబ్‌లో ఉంది, వెళ్లి అడగండి, అడగడానికి మొహమాటపడకండి. పాత డిజిటల్ బోర్డులు బాగుచేసేవాళ్లకి మీటరుతో పాటు లాజిక్ ప్రోబ్ జేబులో ఉంటే చాలా పని అవుతుంది. రిపేరు షాపు పెట్టి కుటుంబాన్ని నడిపేవాళ్లు మాత్రం అప్పు చేసైనా రెండు ఛానళ్ల, కనీసం 50 మెగాహెర్ట్జ్ బెంచ్ స్కోపు తీసుకోండి, కానీ ముందు షాపులో ఎర్త్ వైరింగ్ సరిచేయించండి. ఆ వరస మార్చకండి. బయటికి తిరిగి రిపేర్లు చేసేవాళ్లకి బ్యాటరీ స్కోపే నయం, కరెంటు ఉన్నా పోయినా పని ఆగదు. నాలుగూ ఒకేసారి కొనక్కర్లేదు. నేను కొన్నవి కూడా ఒక్కో ఫాల్టు చేతకాక వెనక్కి పంపినప్పుడల్లా ఒక్కోటి.

స్కోపు ఇంటికొచ్చిన రోజు మొదట చేయాల్సిన పని ఒకటుంది. ప్రోబ్ మీద స్విచ్‌ని 10ఎక్స్‌లో (సిగ్నల్‌ని పదో వంతుకి తగ్గించే స్థానం) పెట్టండి, స్కోపులో ఆ ఛానల్‌ని కూడా 10ఎక్స్ చేయండి, ముందు వైపు చిన్న లోహపు కొక్కెం ఉంటుంది, సాధారణంగా 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ ఇస్తుంది, దానికి తగిలించండి. పల్స్ మూల కొమ్ములా పైకి పొడుచుకొచ్చినా, అరిగిన సబ్బులా గుండ్రంగా ఉన్నా ప్రోబ్ మీదున్న చిన్న స్క్రూని ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో, జుట్టంత జుట్టంతగా తిప్పండి, మూల నలుచదరంగా వచ్చేదాకా. ఇది చేయని ప్రోబ్‌తో చూస్తే మంచి పల్స్ కూడా చెడ్డదిగా కనిపిస్తుంది, లేని ఫాల్టు కోసం రెండు రోజులు వెతుకుతారు. ప్రోబ్ మార్చినా, దాన్ని రెండో ఛానల్‌కి వేసినా మళ్లీ చేయాలి.